గేటు దగ్గరే దిగాలి

మలేషియాలోని బటాంగ్ బెర్జుంటైలో పామాయిల్ తోటల మధ్య గుట్ట మీద దొరల కాలం నాటి బంగళా ఒకటుంది. దాన్నీ, దాని వెనకున్న ఏటినీ చూపించే గైడు గోవిందసామికి డెబ్బై ఏళ్లు. ఇస్త్రీ చొక్కా, చంకలో ముడిచిన నల్ల గొడుగు. అది వాళ్ల నాన్నది. వచ్చినవాళ్ల వ్యాను గేటు దగ్గరే ఆపించి అందరినీ దించుతాడు. గొడుగులు ముడవమంటాడు. మండుటెండలో గుట్ట ఎక్కిస్తూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి వాళ్ల చెమటను తీరిగ్గా చూస్తాడు. ఎందుకని అడిగితే "పాత రూలు" అని ఊరుకుంటాడు. ఇవి రబ్బరు తోటలుగా ఉన్న రోజుల్లో ఇక్కడ చెట్లు గీసిన వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ ఈ గేటు ముందు సైకిలు దిగి, వానలో కూడా గొడుగు ముడిచి నడిచాడు. ఒక్కసారి ముడవడం మరిచినందుకు దొర ఆయన చెంప పగలగొట్టాడు.

మొన్న ఆ దొర మనవడే వచ్చాడు, ముసలాయన. ఇంగ్లండులో తమ పల్లె చూడవచ్చే వాళ్లంతా చర్చి గోడ మీద తాత పేరు చదివి వెళ్తారని మురిసిపోతూ చెప్పాడు. డ్రైవరు సుగుమారన్ గోవిందసామి దగ్గరకొచ్చి, "మావా, ఆయనకి మోకాలు నొప్పంట. ఏటి సెయ్యమంటావు, పైదాకా తీసుకెళ్లిపోనా?" అన్నాడు.

"రూలంటే రూలే. దింపు."

కుంటుకుంటూ పైకి చేరిన ముసలాయన మెట్ల మీద కూలబడి, ఈ దిక్కుమాలిన రూలు పెట్టిందెవరని ఇంగ్లీషులో అడిగాడు.

"మీ తాతగారే," అన్నాడు గోవిందసామి. అని, నాన్న గొడుగు విప్పి, ఆ బంగళా ముందు మొదటిసారి తన నెత్తిన పట్టుకున్నాడు.