పక్కకు తప్పుకోవడం నేర్చిన టీమ్

బడికి నేను పోయింది మూడో తరగతి దాకానే. మిగతాదంతా, ఫుట్‌బాల్‌తో సహా, చూసి నేర్చుకున్నదే. ఒకప్పుడు ఈ ఊళ్లో మ్యాచ్ ఉందంటే జనం గోడలెక్కి చూసేవారు. వట్టి కాళ్లతో బూట్లవాళ్లను ఓడించిన వాళ్లను ఈ కళ్లతో చూశాను. ఆ మాట ఎత్తితే చాలు, "తాత మళ్ల షురూ చేసిండు రా" అని పిల్లలు నవ్వుతారు.

ఫిల్మ్‌నగర్‌లో సెట్లకు వడ్రంగం పని చేసి, చెయ్యి వణకడం మొదలయ్యాక దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో టీమ్‌కు ఆట నేర్పడానికి కుదిరాను. కోచ్ సర్టిఫికెట్ లేదు గనుక కాగితం మీద నేను గ్రౌండ్ చూసుకునే మనిషిని. ఇంత చిన్న చూపు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పోయినేడు సీజన్‌కు ముందు ప్రిన్సిపాల్ మేడమ్ పిలిపించారు.

"రెండేళ్లుగా ఒక్క మ్యాచ్ గెలవలేదండీ. ఈసారి ఒక్కటన్నా గెలిస్తేనే టీమ్ ఉంటుంది. లేదంటే మేనేజ్‌మెంట్ తీసేస్తానంటోంది. నా చేతిలో ఏం లేదు."

ఆరు మ్యాచ్‌లు. ఆరిట్లో ఒక్కటి గెలవలేమా అనుకున్నాను.

అదే నెలలో మా గ్రౌండ్‌కు షూటింగ్ వచ్చింది. హీరో ఫుట్‌బాల్ ఆటగాడట. ఎదుటి టీమ్‌గా నిలబడటానికి మా పిల్లలే కావాలన్నారు. మేడమ్ నన్నడిగితే నేనే సరేనన్నాను. పన్నెండు రోజులు బాల్‌తోనే ఉంటరు, కాలు ఆడుతది, ప్రాక్టీసే కదా అనుకున్నాను. తప్పంతా అక్కడే జరిగింది.

ఆ హీరోకు బాల్ తన్నడం రాదు. అందుకని ఫైట్ మాస్టర్ మా వాళ్లకు నేర్పాడు. హీరో రెండడుగుల దూరంలోకి రాగానే బ్యాక్ ఆడేవాడు, అంటే గోల్ ముందు అడ్డుకునేవాడు, ఎడమకాలి మీద వాలి పక్కకు పడాలి. గోల్‌కీపర్ కుడివైపు దూకాలి, అదీ కొంచెం ఆలస్యంగా. "బాబూ, ముందే దూకేస్తే ఎలా? వన్ మోర్!" ఒక్కో ముక్క పదిహేనుసార్లు తీశారు. మధ్యాహ్నం బిర్యానీ. పిల్లలు మురిసిపోయారు. నేను గొడుగు కింద కుర్చీలో కూర్చుని చూశాను.

మొదటి మ్యాచ్‌లో ఎదుటివాడు బాల్‌తో రాగానే మా బ్యాక్ చక్కగా ఎడమకాలి మీద వాలి పక్కకు పడ్డాడు. కీపర్ కుడివైపు దూకాడు. బాల్ ఎడమవైపు నుంచి లోపలికి పోయింది. మూడు గోల్స్, మూడూ అట్లాగే.

"ఏందిరా అది?" అని అరిచాను.

"తెలుస్తలేదు తాతా. ఒళ్లే పోతుంది అటు," అన్నాడు కీపర్. రహమత్ నగర్ పిల్లవాడు, అబద్ధం చెప్పడు.

మాన్పించడానికి చెయ్యనిదంటూ లేదు. తిట్టాను. పక్కకు పడ్డవాణ్ణి గ్రౌండ్ చుట్టూ ఉరికించాను. చివరికి బాల్ తీసుకుని నేనే ఎదురుపోయాను. డెబ్బై దాటిన ముసలోణ్ణి, మోకాలి నొప్పితో కుంటుతూ పోతుంటే నాకు కూడా దారిచ్చారు! బాల్ వలలో పడేసి అక్కడే నిలబడిపోయాను. ఒకడు నవ్వాపుకోలేక, "తాత గోల్ కొట్టిండు, వన్ మోర్!" అన్నాడు. కొట్టడానికి చెయ్యెత్తి, మళ్లీ దించేశాను.

అయిదు మ్యాచ్‌లు పోయాయి.

ఆరోదాంట్లో మొదటిసారి ముందు మాకే గోల్ వచ్చింది. ఇంకో పది నిమిషాలు వాళ్లను ఆపితే టీమ్ నిలబడుతుంది. గ్రౌండ్ గీత బయట నిలబడి, "మీద పడుండ్రి, తప్పుకోకుండ్రి" అని గొంతు పోయేదాకా అరిచాను. వాళ్ల ఫార్వర్డ్ బాల్‌తో వచ్చాడు. మా బ్యాక్ నా వైపు ఒకసారి చూశాడు, పళ్లు బిగించాడు, అయినా పడ్డాడు. ఆ బాల్‌కు వేగం కూడా లేదు. కీపర్ కుడివైపు నేలమీద పడి, తల తిప్పి, అది దొర్లుకుంటూ పోవడం చూస్తున్నాడు. గీత దాటి లోపలికి పోయి ఆ బాల్‌ను నేనే తన్నేద్దామా అనిపించింది. ఆఖర్న వాళ్లదే ఇంకొకటి, ఆ మ్యాచ్ కూడా పోయింది.

మర్నాడు మేడమ్ గదిలో నా కోపమంతా వెళ్లగక్కాను. గ్రౌండు సినిమావాళ్లకిచ్చి పిల్లల ఆట పాడు చేశారన్నాను.

"మిమ్మల్ని అడిగాకే కదండీ ఒప్పుకున్నది," అన్నారామె మెల్లగా. "కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఇన్నేళ్లలో ఎవరితోనైనా వాదించి నెగ్గాను. ఈసారి టీ తాగకుండానే లేచాను.

బయట మెట్ల మీద పదకొండు మందీ కూర్చుని ఉన్నారు. కీపర్ లేచి నిలబడ్డాడు.

"ఏమన్నది తాతా మేడమ్?"

"ఏమనలేదు."

"అయితే రేపు ప్రాక్టీసుకు ఎన్నింటికి రమ్మంటవ్?"

టీమ్ లేదురా అని చెప్పాలి.

"ఆరింటికి," అన్నాను.