అమ్మకూడని బియ్యం

ఒమాన్‌లోని ఇబ్రాలో రోడ్డు పని చేసినన్నాళ్లూ మా పద్నాలుగు మందికీ వంట నేనే. పొద్దంతా సైట్‌లో కంకర మోయడం, సాయంత్రం రూమ్‌లో ఎసరు పెట్టడం. బియ్యం, పప్పు, నూనె అన్నీ కంపెనీ యజమానిదే అయిన పెద్ద స్టోరులో కొనాలి. జీతంలో సగం ఆ స్టోరు కూపన్లుగానే ఇచ్చేవారు. వేరే దుకాణంలో వాటిని చూపిస్తే నవ్వేవారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమని నేను పైకే అనేవాణ్ణి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు.

ఖాళీ సంచిని మేం పారేసేవాళ్లం కాదు. గోనె అయితే పరుచుకునేవాళ్లం, గుడ్డ అయితే దిండు గలీబు కుట్టుకునేవాళ్లం. ఒకసారి గోనె విప్పితే లోపల ఇంకో గుడ్డ సంచి, దాని మీద నీలం రంగులో పెద్ద అరబ్బీ అక్షరాలు. అది ఖాళీ అయ్యాక కత్తెర తీశాను. మా రూమ్‌లోని భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. నాది కరీంనగర్ వైపు, ఆయనది హైదరాబాద్, నాకంటే పదేళ్లు పెద్ద.

"ఆగు తమ్మీ. అరబ్బీ అక్షరాల మీద తలకాయ పెట్టి పంటవా? పాపం తగుల్తది."

"ఏం రాసుందో చదువు మరి."

చిన్నప్పుడు మసీదులో ఖురాన్ చదవడం నేర్చుకున్నాడు. అక్షరాలు కూడబలుక్కుని పలకగలడు, అర్థం తెలియదు. పలికి, "మంచి మాటే ఉంటది," అన్నాడు. ఆ గుడ్డను ఉతికి, గోడకు తలకంటే ఎత్తున మేకులు కొట్టి కట్టాడు. డ్యూటీకి పోయేముందు దాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకునేవాడు. ఎవరి దేవుడైతేనేమని నేనూ ఒక దండం పెట్టేవాణ్ణి.

స్టోరులో బస్తాలు మోసే ముసలాయన ఆ ఊరివాడే. చాచా అనేవాళ్లం. హిందీ కొంచెం వచ్చు. స్టోరు ఇచ్చే జీతంతో ఇల్లు గడవక, సర్కారు పేదలకిచ్చే బియ్యం లిస్టులో పేరు రాయించుకున్నాడు. ఆ బియ్యం పంచేదీ ఆ స్టోరే. పనివాడికి కడుపు నిండే జీతం వాళ్లివ్వరు, సర్కారు నింపాలి, వడ్డించే గరిటె మళ్లీ వాళ్ల చేతిలోనే. మూడు నెలలుగా బియ్యం రాలేదని చాచాకు చెప్తున్నారట. ఇంట్లో కోడలు, నలుగురు మనవరాళ్లు.

ఒక శుక్రవారం చాచా మా రూమ్‌కు బస్తా తెచ్చాడు. చాయ్ ఇచ్చాం. గ్లాసు ఎత్తుతూ గోడ వైపు చూసి, తాగకుండానే కింద పెట్టాడు. ఏం రాసుందని భాయ్ భక్తిగా అడిగాడు. చాచా ఒక్కో మాటా వెతుక్కుని హిందీలో చెప్పాడు. సర్కారు సాయం. పేదల కోసం. అమ్మకూడదు.

తర్వాత తాను తెచ్చిన బస్తా గోనె కుట్టు విప్పి లోపలికి చూశాడు. అవే నీలం అక్షరాలు. మూడు నెలలుగా తన వీపు మీద మోసింది తన బియ్యమేనని అప్పుడు తెలిసింది ఆయనకు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి ఆ వరాన్ని మాకు కూపన్లకు అమ్మాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"పాస్‌పోర్టులు వాళ్ల దగ్గర ఉన్నయి తమ్మీ, ఆలోచించు," అన్నాడు భాయ్.

"ముసలాయన బియ్యం మన కడుపుల ఉన్నయి భాయ్. ఇంకేం ఆలోచించాలె?"

మర్నాడు పద్నాలుగు మందిమీ స్టోరుకు పోయాం. జనం నిండుగా ఉన్నప్పుడే ఆ గుడ్డను కౌంటరు మీద పరిచాను. మీకు తిండి దొరుకుతోందిగా, మీకెందుకన్నాడు మేనేజరు. చాచా బియ్యం చాచాకు ఇచ్చేదాకా నీ దగ్గర ఒక్క గింజ కొనం అని హిందీలో, నాకొచ్చినంత గట్టిగా చెప్పాను.

బయటి దుకాణంలో బియ్యం ధర మాకందదు, చేతికొచ్చే సగం జీతంతో పదకొండు రోజులు రొట్టె, పప్పు. అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు మావాళ్లకు. తింటూ నన్ను తిట్టారు, తిడుతూ తిన్నారు, ఒక్కడు కూడా స్టోరు గడప తొక్కలేదు. పన్నెండో రోజు చాచాకు మూడు నెలల బియ్యం ఇచ్చారు.

మాకు ఆ తర్వాత వచ్చిన సంచుల మీద అక్షరాలు లేవు. పిడికెడు తీసి చూశాను. అదే గింజ, అదే నూక. ఉడికిస్తే అదే చిక్కటి గంజి. వంటవాడి కళ్లకు గంతలు కట్టలేరు. మళ్లీ పోయి, జనం ముందే ఆ మాట చెప్పాను. ఆ వారంలోనే నీ పని అయిపోయిందని ఇంటికి టికెట్టు చేతిలో పెట్టారు.

నేను పెట్టె సర్దుతుంటే భాయ్ పక్కన కూర్చున్నాడు.

"చాచా బియ్యం వచ్చినయి గదా తమ్మీ. మళ్లెందుకు పోయినవ్?"

"లిస్టుల చాచా ఒక్కడే ఉన్నడా భాయ్?"

నేను వచ్చేసిన మర్నాడే పొయ్యి దగ్గర నా చోట భాయ్ నిలబడ్డాడనీ, ఆయనతో కలిపి పదమూడు మందీ మళ్లీ రొట్టెలే తింటున్నారనీ ఊరు చేరిన నెలకు ఉత్తరం వచ్చింది.