మూడుసార్లు ఊదేవాడు

కడపలో మా మేడమీద రెండేళ్ల నాలుగు నెలలు అద్దెకున్న బొమ్మలాయన ఏ వైరు గుచ్చాలన్నా ముందు మూడుసార్లు ఊదేవాడు. చిన్నప్పుడు వీడియోగేమ్ క్యాసెట్ పనిచేయకపోతే అలాగే ఊదేవాళ్లట. ఆ పాత ఆటలను గుర్తుచేస్తూ, ఫోన్లో చూసే నవ్వుల కార్టూన్ సీరియల్ తీసేవాడు. చూసేవాళ్లు తక్కువ. ఒక కొత్త భాగం గీసి, ఇదీ ఎవరూ చూడకపోతే మానేస్తానని నాకు ముందుగా చూపించాడు. అందులో ఒక అవ్వ, మిక్సీ తిరక్కపోతే ప్లగ్గు పీకి ఊదుతుంది.

"రెండుసార్లే ఊదింది. మూడు కదప్పా?" అన్నాను.

"ఎవురు లెక్కపెడతారవ్వా?"

"ఆ ఆట ఆడినోళ్లంతా."

గొణుక్కుంటూ పోయి ఆ పూటంతా మళ్లీ గీశాడు.

విడుదలైన రోజు కర్నూలు నుంచి ఎవరో దాని కింద రాశారు: "మూడుసార్లు ఊదింది సూడండప్పా. తీసినోడు మనోడే."

అది నాకు చదివి వినిపించి, ఫోను ఛార్జింగుకు పెడుతూ నాలుగుసార్లు ఊదాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.