ముందు నేను తిన్నాను

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తన సంగతి వచ్చిన చోటల్లా కలం ఆపుతుంది. "రాయవే, జరిగిందేగా" అంటాను. మూతి ముడిచి రాస్తుంది.

రెండువేల సంవత్సరం వస్తోందనగా, కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో నేను సిడ్నీలో బ్లాక్‌టౌన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మా వారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. మా అల్లుడిది ఆ కంప్యూటర్లు ఆగకుండా చూసే పని. సాయంత్రం షిఫ్టుకు వెళ్ళేవాడు. మధ్యాహ్నం లేచి, ఇంట్లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. అమ్మాయి రెండింటిదాకా ఆఫీసులో పని చేసి, స్కూలు నుంచి పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేది.

ఆ పిల్లే నా మనవరాలు. ఆరేళ్ళది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

నేను వెళ్ళిన రెండో వారంలో దాన్ని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నోట్లో నాలుగు పుచ్చులు. వాటిని పూడ్చింది గానీ, ఆవిడ మొహం గంభీరంగా పెట్టి చెప్పింది: స్కూలు నుంచి వచ్చాక తినే చిప్సు, కూల్‌డ్రింకులు ఆపాలి. ఆరు నెలలకు మళ్ళీ చూస్తుంది. అప్పటికి ఇంకా పుచ్చితే ఆస్పత్రిలో పడుకోబెట్టి, మత్తిచ్చి, ఆ పళ్ళు పీకేయాలి. అమ్మాయి కారులో ఏడ్చింది. ఆరేళ్ళ పిల్లకు మత్తేమిటని నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"నువ్వేం బెంగ పెట్టుకోకు. ఆరు నెలలు నాకు వదిలెయ్" అన్నాను. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, ఈ పిడికెడు పిల్ల ఎంత అనుకున్నాను.

మర్నాడే శనగలు నానబోసి, గుగ్గిళ్ళు చేసి, ఇంగువ తిరగమోత పెట్టి, కొబ్బరి కోరు చల్లాను. గిన్నె పట్టుకుని దాని వెనక పడ్డాను. పెరట్లో గొడుగులా గుండ్రంగా తిరిగే బట్టల దండెం ఒకటుండేది. దాని చుట్టూ అది ముందు, నేను వెనక. పక్కింటి తెల్లావిడ కంచె మీద నుంచి తొంగి చూసి ఏదో అడిగింది. నేను "యెస్, యెస్" అన్నాను. తర్వాత తెలిసింది, పిల్ల ఏమైనా తప్పు చేసిందా, అందుకు తరుముతున్నారా అని అడిగిందట. అమ్మాయి వెళ్ళి, "మా దేశంలో అన్నం ఇలాగే పెడతారండీ" అని నచ్చజెప్పి వచ్చింది.

పరుగు కుదరక బేరం పెట్టాను. "రెండు చెంచాలు తిను, చాక్లెట్ ఇస్తా." తింది. చెయ్యి చాపింది. పళ్ళు పుచ్చిన పిల్లకు నా చేత్తోనే చాక్లెట్ పెట్టాను. మా ఊళ్ళో అమ్మమ్మలందరం చేసే పనే అది, ఏం తెలివో మాది! చిప్సు పొట్లాలు ఫ్రిజ్ మీద దాచాను. కుర్చీ వేసుకుని తీసింది. ఇలా రెండు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం విసుగొచ్చి గట్టిగా అడిగాను. "ఎందుకు తినవే? ఏం, విషమా ఇది?"

అది నడుం మీద చేతులు పెట్టుకుని, "యూ నెవర్ ఈట్ ఇట్, అమ్మమ్మా! మమ్మీ కూడా తినదు. ఇట్ మస్ట్ బి యక్కీ!" అంది.

అమ్మాయి సింకు దగ్గర గిన్నెలు తోముతూ, "నువ్వెప్పుడూ తినవుగా, అందుకే అది ఛీ అట" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిజమే. మా వారున్నప్పుడు సాయంత్రం నాలుగింటికి ఇద్దరం అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి నమిలేవాళ్ళం. ఆయన పోయాక మానేశాను. మానమని ఎవరూ అనలేదు. మా వైపు మొగుడు పోయిన ఆడది అందరికీ పెడుతుంది, తను కూర్చుని ఇష్టంగా తినడం ఎవరి కంటా పడనివ్వదు. నా కూతురు మొగుడున్న మనిషే, అయినా నన్ను చూసి అదే నేర్చుకుంది. నిలబడి, గిన్నె అడుగున మిగిలింది రెండు ముద్దలు మింగేది. ఆ ఇంట్లో కూర్చుని, ఇష్టంగా, కరకరలాడిస్తూ తినేది ఒక్క మా అల్లుడే. ఎడం పక్క చిప్సు పొట్లం, కుడి పక్క కోలా. పిల్ల బ్యాగు పడేసి తిన్నగా ఆ కుర్చీ దగ్గరికి పోయేది. ఆయన తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే పొట్లం అటు జరిపేవాడు. పిల్ల చూసింది, నేర్చుకుంది. దాన్నేం అంటాం?

కూరగాయల కొట్లో పచ్చి వేరుశనగకాయలు దొరికాయి. ఉప్పేసి ఉడకబెట్టాను. మర్నాడు మూడున్నరకు పెరటి మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బేసిన్ ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. మొదటి కాయ ఒలిచి పక్కన పెట్టేశాను, మా వారు గుర్తొచ్చి. రెండోది నోట్లో వేసుకున్నాను. మూడోదానికి ఉప్పునీళ్ళు చప్పరించి మరీ తిన్నాను. పిల్లను పిలవలేదు. దాని వైపు చూడలేదు.

"వాట్స్ దట్?"

"నాది."

"కెన్ ఐ హావ్ వన్?"

"కావాలంటే నువ్వే ఒలుచుకో. నేను ఒలిచి పెట్టను."

పది నిమిషాలు కుస్తీ పట్టి ఒక కాయ ఒలిచింది. తినేసింది. మెట్టు మీద నా పక్కన కూర్చుంది. "నువ్వూ రావే" అని అమ్మాయిని పిలిచాను. "అమ్మా, పనుంది" అంది. "పని ఎక్కడికీ పోదు, కూర్చో" అన్నాను. కూర్చుంది.

అయినా నాలుగు రోజులకోసారి పిల్ల ఆ కుర్చీ దగ్గరికి పోతూనే ఉంది. ఇక అల్లుడితో మాట్లాడాలి. మా ఇళ్ళల్లో అత్త అల్లుణ్ణి ఎదురుగా ఒక మాట అనదు. కూతురితో చెప్పిస్తుంది, లేకపోతే గోడతో చెబుతుంది. నేను వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాను.

"బాబూ, ఈ పొట్లం దాచుకుని తినమని అనను. పిల్లలకు దాచింది ముందు తెలుస్తుంది. రోజూ పావుగంట వచ్చి మాతో కూర్చోండి. చాలు."

ఆయన మొహం ఎర్రబడింది. "డెడ్‌లైన్ ఉంది, అత్తయ్యగారూ."

"లోకం ఆగిపోయేదైతే ఆగుతుంది. ఈలోగా నాలుగు గుగ్గిళ్ళు తినొచ్చు."

అమ్మాయి నన్ను లోపలికి లాక్కెళ్ళి, "అమ్మా, ఆయన్ని అంత మాటంటావా!" అని గుడ్లురిమింది. రెండు రోజులు అల్లుడు నాతో మాట్లాడలేదు. కొంప ముంచుకున్నానేమో అనుకున్నాను. మూడో రోజు తలుపు తీసుకుని వచ్చి మెట్టు మీద కూర్చుని, "ఏవండీ అత్తయ్యగారూ, పెట్టరా మాకు?" అన్నాడు. పిల్ల తన గిన్నె ఆయన వైపు జరిపింది.

తింటూ ఆయనే చెప్పాడు. "మా నాన్న రోజూ సాయంత్రం పకోడీ పొట్లం తెచ్చేవాడండీ. పొట్లం చప్పుడైతే చాలు, ఇప్పటికీ నా చెయ్యి ఆగదు."

కోలా సీసాలు కొనడం ఆయనే మానేశాడు. చిప్సు ఆదివారానికి మాత్రం మిగిలాయి, అదీ అందరం కలిసి.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు. అల్లుడికి సెలవు దొరికింది. అక్కడ ఎండాకాలమైన జనవరిలో నలుగురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూస్తుంటే నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. చూసింది, మళ్ళీ చూసింది. అమ్మాయి వైపు తిరిగి నవ్వింది. కొత్తగా ఒక్క పుచ్చూ లేదు! ఆస్పత్రి లేదు, మత్తు లేదు. నేను నలుగురిలో ఉన్నానని కూడా చూసుకోకుండా "గెలిచామే!" అని గట్టిగా అరిచాను. డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

ఇంటికి బయల్దేరబోతూ అమ్మాయి ఊరుకోక, అల్లుడు ఎప్పుడూ కుడి దవడ పట్టుకుంటున్నాడని డాక్టరమ్మకు చెప్పింది. ఆవిడ ఆయన్ని కుర్చీ ఎక్కించింది. మూడు పుచ్చులు. సూది తీసింది. ఆయన పాలిపోయాడు.

పిల్ల వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "డోంట్ బి స్కేర్డ్, డాడీ. నోరు తెరువు. నేనున్నాగా" అంది.

ఆయన తెరిచాడు.