అక్షరాలు తడిమే అక్క

పంతొమ్మిది వందల యాభైల్లో, సోలాపూర్ భవాని పేట్‌లో, మా పక్కింట్లో బీడీలు చుట్టే అక్కకు చదువు రాదు. ఆమె భర్త ఉత్తరాది మంచుకొండల మీద వాతావరణ కేంద్రంలో చలి, గాలి కొలిచి రాసేవాడు. ఆయన ఉత్తరం వస్తే, చదవమని నాకిచ్చే ముందు అక్క అక్షరాలను వేలితో తడిమేది.

"క్షేమమేనట అక్కా," అని చదివేదాన్ని.

"మాట కాదు పిల్లా, రాత చూడు. వంకర పోతున్నది. అంత చలిల ఉత్త చేతులతోని రాస్తుండు."

ఉత్తరం ఉత్తరానికీ అక్షరాలు పెద్దవై, వరసలు తగ్గాయి. మాఘంలో వచ్చినది మాత్రం గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా ఉంది. అందులోనూ క్షేమమనే ఉంది.

అక్క దాన్నీ వేలితో తడిమింది. "ఇది ఆయన రాత కాదు."

ఆ సాయంత్రమే రైలెక్కింది. నెల తర్వాత ఆయనను తీసుకొచ్చింది. నేను నమస్కారం పెడితే ఆయన చద్దరులోంచి చేతులు తీయలేదు.

"చలికి వేళ్లు పోయినయి పిల్లా," అంది అక్క. "మనిషైతే దక్కిండు."