గరాజ్‌లో గాలం

ఆష్‌బర్న్‌లో మేము తరచూ వెళ్లే హోటల్లో బిల్లు కట్టే బల్ల మీద ఒక స్టీలు గిన్నె నిండా సోంపు పెడతారు. అందరూ చెంచాడు నోట్లో వేసుకుని, కారు తాళాలు తడుముకుంటూ బయటికి నడుస్తారు. నేను మాత్రం ఆ గిన్నె దగ్గర కాసేపు ఆగిపోతాను. నాకు సోంపు వాసన అంటే రబ్బరు వానపాముల వాసన. నా చిన్నప్పుడు ఈ దేశంలో చేపలకు ఎరగా వేసే రబ్బరు పురుగులకు సోంపు నూనె పట్టించేవారు, మనిషి చేతి వాసన చేపకు తగలకుండా ఉండాలని. ఆ నూనెకు తోడు తుప్పు వాసన, పాత రెక్జిన్ వాసన, మధ్యాహ్నపు ఎండకు కాగిన గరాజ్ వాసన అన్నీ కలిసి నన్ను ఎనభైల మొదట్లో క్యారీ అనే ఊళ్లో మేమున్న అద్దె ఇంటికి లాక్కుపోతాయి.

అప్పటి క్యారీ ఇప్పటి క్యారీ కాదు. మా వీధి దాటితే పైన్ చెట్లు, అవి దాటితే పొగాకు చేలు. ఆగస్టు వచ్చిందంటే బేరన్ కొట్టాల్లో పొగాకు కాల్చే తియ్యటి ఘాటు గాలిలో తేలుతూ వచ్చి మా వంటింటి తెరలకు కూడా పట్టేది. మట్టి మాత్రం మన వైపు చెలకల్లాగే ఎర్రగా ఉండేది, వానపడితే చెప్పులు మోయలేనంత బరువెక్కేవి. కంచె మీద అల్లుకున్న తెల్లపూల తీగ నుంచి పూలు తుంచి, కాడ చివర మెల్లగా లాగి, జారివచ్చే తేనెబొట్టును నాలుక మీద వేసుకోవడం మా పిల్లలందరి ఆట. వినాయక చవితికి అమ్మ బియ్యాన్ని మిక్సీలో పట్టించి, జల్లించి, కుడుములు చేసేది. పత్రికి ఏ ఆకులు దొరుకుతాయో తెలియక నన్ను పెరట్లోకి పంపితే నేను కంటికి నదురుగా ఉన్న ఆకులన్నీ కోసుకొచ్చేదాన్ని. మా వినాయకుడికి ఏ ఆకులతో పూజ జరిగేదో ఆయనకే తెలియాలి.

ఇవన్నీ బాగానే ఉండేవి, కానీ ఇవన్నీ మా ఇంటి గడప నుంచి కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉండేవి. పొద్దున్నే నాన్న కారు తీసుకుని ఆఫీసుకు వెళ్లాక మాకు ప్రపంచం అక్కడితో అయిపోయేది. కాలిబాట లేదు, బస్సు లేదు, నడిచి వెళ్లగలిగిన చోట ఒక్క కొట్టు లేదు. అమ్మది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. నాన్న మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు, “తిన్నారా” అని అడిగి పెట్టేసేవాడు. అమ్మ గుడ్డలు మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టేది. వేసవి సెలవుల్లో నేనూ ఆమెతో పాటే ఆ ఇంట్లో ఉండి, ఫ్రిజ్ మోత ఆగడం, మళ్లీ మొదలవడం వింటూ గడిపేదాన్ని.

మా అమ్మ రత్నానిది కొల్లేటి ఒడ్డున, కైకలూరు పక్కన చిన్న ఊరు. తాతతో పాటు కాలవగట్టు మీద గాలం వేస్తూ పెరిగింది. పెద్దమనిషి అయిన రోజున వాళ్ల నాయనమ్మ వెదురు గాలాన్ని తీసి అటక మీద పెట్టించింది. “ఇంక ఆడపిల్ల గట్టు మీద కూచుంటే ఊరు నవ్వుద్ది” అందట. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ అటక ఎంత ఎత్తున ఉండేదో చెయ్యెత్తి చూపించేది.

శనివారాలు కిరాణాకు వెళ్లినప్పుడు ఆ పెద్ద దుకాణంలో చేపల సామాను ఉన్న వరుసలో అమ్మ వెనకబడిపోయేది. మెరిసే గాలపు కర్రలు, రీళ్లు, మూత మీద మెత్త కుట్టి కూర్చోవడానికి వీలుగా చేసిన పెట్టెలు. ఒక్కో పెట్టె మీద వేసిన ధర మా వారం కిరాణాకు తక్కువ కాదు. నాన్న బండి తోసుకుంటూ తిరిగి వచ్చి, “ఆ డబ్బుతో రెండు నెలలు చేపలు కొనుక్కోవచ్చు కదా” అనేవాడు. ఆయన మాటలో తప్పులేదు. కానీ అక్కడ దొరికే చేప తల లేకుండా, తోలు లేకుండా, ముల్లు లేకుండా తెల్లటి ముక్కగా ప్లాస్టిక్ కింద పడుకుని ఉండేది. “తలకాయ లేందాన్ని చేపంటారా ఎవరైనా” అని అమ్మ గొణుక్కుంటూ బండి వెంట నడిచేది.

ఆ జూన్‌లో మా వీధి చివరి ఇంటి ముందు గడ్డిలో బల్లలు వేసి పాత సామాను అమ్మకానికి పెట్టారు. ఆ ఇల్లు డోరతీ అనే పెద్దావిడది. భర్త పోయి అప్పటికి ఏడాది. మేమంతా ఆవిణ్ని మిస్ డోరతీ అనేవాళ్లం. అమ్మ నా చెయ్యి పట్టుకుని చూడ్డానికని వెళ్లింది. గిన్నెలు, దీపాల బుడ్లు, కోట్లు దాటుకుంటూ పోయి ఒక పచ్చరంగు చెక్కపెట్టె ముందు ఆగింది. మిస్ డోరతీ భర్త స్వయంగా చేసుకున్న పెట్టె అది. పైన ఎర్ర రెక్జిన్ మెత్త, పక్కన భుజానికి తగిలించుకునే తోలుపట్టీ, కింద రెండు సొరుగులు. అమ్మ సొరుగు లాగగానే సోంపు వాసన గుప్పుమంది. గాలపు కొక్కేలు, సీసపు గుండ్లు, నీళ్ల మీద తేలే బెండ్లు అన్నీ ఎవరో నిన్ననే సర్దినట్టున్నాయి.

“చేపలు పడుతుందా మీ అమ్మ?” అని మిస్ డోరతీ నన్ను అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

“పట్టేదాన్నని చెప్పు” అంది అమ్మ. కాసేపాగి, “పడతానని చెప్పు” అంది.

మిస్ డోరతీ కుర్చీలోంచి లేచి వచ్చింది. పాత కర్ర కొనేటప్పుడు ఏం చూడాలో అమ్మకు చూపించింది. దారం వెళ్లే రింగుల్లోంచి దూదిపింజ లాగేటప్పుడు పోగు ఎక్కడైనా చిక్కుకుంటే ఆ రింగు చిట్లినట్టు. రీలు చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే ఇసుక నలిగినట్టు వినపడకూడదు. అమ్మ ఒక్కో కర్రనూ అలాగే చూసి, అన్నిటికంటే మెరుస్తున్నదాన్ని పక్కన పెట్టి, రంగు వెలిసిన గోధుమరంగు కర్ర ఎంచుకుంది. పెట్టె మీద పదిహేను డాలర్లని చీటీ అంటించి ఉంది. అమ్మ కొంగుముడిలో పది ఉన్నాయి. నాకు సిగ్గేసి నేల చూస్తున్నాను. మిస్ డోరతీ చీటీ పీకేసి, పెట్టె మీద కర్ర పెట్టి, రెంటికీ పది చాలంది.

సాయంత్రం నాన్న ఆ పెట్టెను చూసి మెట్ల మీదే నిలబడిపోయాడు. “చచ్చిపోయినాయన సామానా? అయినా లైసెన్స్ లేకుండా గాలం వేస్తే ఫైన్ వేస్తారు రత్నం. రేపు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో అదేంటని అడిగితే ఏం చెప్పమంటావు?” ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుందని ఇప్పుడు తెలుస్తోంది. కాగితాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. పోస్టు ఆలస్యమైనా, మేనేజరు పలకరించకపోయినా ఆయనకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. లైసెన్స్ సంగతి తరవాత చూద్దామన్నాడు. ఆ తరవాత రాలేదు.

పెట్టె గరాజ్‌లో చేరింది. పని అయ్యాక అమ్మ గరాజ్ తలుపును నడుమెత్తున పైకి లేపి, పెట్టె మీద కూర్చుని, ఆ సందులోంచి వీధిని చూసేది. దారిన పోయేవాళ్లకు మా అమ్మ చీర కుచ్చెళ్లూ, పాదాలూ మాత్రం కనపడి ఉంటాయి. కొన్నాళ్లకు ఒక ఆట మొదలుపెట్టింది. నా రబ్బరు చెప్పును వాకిట్లో గడ్డి మీద పెట్టి, దారానికి సీసపు గుండు కట్టి, కర్ర ఝళిపించి ఆ చెప్పు మీద వేసేది. తగిలితే నాది ఒక చప్పట్ల వాన. చెప్పును దూరం జరిపేదాన్ని, చెట్టు చాటున పెట్టేదాన్ని, అయినా అమ్మ తగిలించేసేది. రీలు చప్పుడు గిర్రుమంటుంటే అమ్మ ముఖం నాకు తెలియని చిన్నపిల్ల ముఖంలా అయిపోయేది.

ఒకరోజు నాన్న ఆఫీసులో ఎవరో నవ్వుతూ, మీ ఆవిడ గడ్డిలో చేపలు పడుతోందట గదా అన్నారు. నాన్న ఇంటికొచ్చి అరవలేదు. “వద్దు రత్నం, మనం ఇక్కడ కనపడకుండా ఉంటేనే మంచిది” అన్నాడు, అంతే. అమ్మ కర్రను గోడకు ఆనించి గరాజ్ తలుపు నేలదాకా దించేసింది.

ఆ తరవాతి రోజుల్లో అమ్మ పగలు పడుకోవడం మొదలుపెట్టింది. తల దువ్వుకునేది కాదు. ఫోన్ మోగితే “తిన్నాం” అని నాన్న అడగకముందే చెప్పి పెట్టేసేది. నేను టీవీ గొంతు తగ్గించి, ఆమె గది తలుపు దగ్గర కూర్చుని ఊపిరి వినపడుతోందో లేదో చూసేదాన్ని. పిలిస్తే, “ఎక్కడికి పోతానే, ఇక్కడే ఉన్నా” అనేది. ఆ మాటకు నాకెందుకు ఏడుపొచ్చేదో తెలిసేది కాదు.

ఆగస్టులో ఒక పొద్దున మిస్ డోరతీ తలుపు కొట్టింది. గడ్డి మీద అమ్మ కనపడటం లేదేమని వచ్చిందట. తన తమ్ముడికి పొగాకు తోట ఉందనీ, అందులో ఒక చెరువుందనీ, సొంత చెరువు కాబట్టి లైసెన్సులేవీ అక్కర్లేదనీ, వస్తారా అనీ అడిగింది. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే అమ్మ లేచి జుట్టు ముడి వేసుకుంది. పెట్టె భుజానికి తగిలించుకుంది. ఆవిడ పెద్ద కారు వెనక సీటులో కిటికీ అద్దం పూర్తిగా దించి కూర్చుంది.

చెరువు చిన్నది, నీళ్లు టీ రంగులో ఉన్నాయి, ఒడ్డంతా ఎర్రమట్టి. అమ్మ రబ్బరు పురుగుల్ని ముట్టుకోలేదు. పుల్లతో మట్టి తవ్వి నిజం వానపామును తీసి గాలానికి గుచ్చింది. పెట్టె మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, పాదాలు నీళ్లలో పెట్టింది. నన్ను మాట్లాడొద్దంది. బెండు ఒకసారి తలూపి, ఊరుకుని, గబుక్కున మునిగింది. అమ్మ లేచి నిలబడి వెనక్కి వాలింది. కాసేపు అటు చేప, ఇటు అమ్మ. ఒడ్డుకొచ్చింది చూస్తే మీసాలతో, పొలుసు లేకుండా, నున్నగా, నల్లగా ఉంది. “జెల్లే! మన జెల్లచేపలాంటిదే!” అని అమ్మ కేక పెట్టింది. దాని ముల్లు గుచ్చుకోకుండా ఎక్కడ పట్టుకోవాలో ఆ చేతులు మరిచిపోలేదు. మిస్ డోరతీ చప్పట్లు కొట్టి కళ్లు తుడుచుకుంది, భర్త పెట్టె అక్కడికి మళ్లీ వచ్చినందుకేమో.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నాన్న కారుంది. మధ్యాహ్నం ఫోన్ ఎవరూ ఎత్తకపోతే ఆఫీసు వదిలి వచ్చేశాడట. టై ఊడదీసి చేతిలో పట్టుకుని, చెమటతో, వీధిలో నిలబడి ఉన్నాడు.

“ఎక్కడికెళ్లారు? పోలీసులకు ఫోన్ చేయబోతున్నాను తెలుసా?” అన్నాడు.

అమ్మ చేప ఉన్న బకెట్ కింద పెట్టింది. “రోజూ ఇంట్లోనే ఉన్నా గదండీ. ఏనాడైనా మధ్యాహ్నం వచ్చారా? ఇవాళ లేనని వచ్చారు” అంది.

నాన్న బకెట్‌లోకి చూశాడు. చేప ఇంకా తోకతో నీళ్లు కొడుతోంది.

అమ్మ నన్ను పంపి మిస్ డోరతీ మాంసం కాల్చుకునే బొగ్గుల గ్రిల్‌లోంచి బూడిద తెప్పించింది. బూడిద, ఉప్పు వేసి పెరట్లో చేపను తోమి తోమి జిగట వదిలించింది. దాచుకున్న చింతపండు నానబెట్టి పులుసు పెట్టింది. ఆవిరికి కిటికీ అద్దాలు మసకబారాయి. తలకాయ నాన్న పళ్లెంలోనే వేసింది. ఆయన తలొంచుకుని, చాలాసేపు, ముల్లు ముల్లూ చీకి తిన్నాడు. చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుని, “నాకూ ఊపిరాడటం లేదు రత్నం, ఆ ఆఫీసులో” అన్నాడు. అమ్మ ఆయన పళ్లెంలో ఇంకొంచెం అన్నం వేసింది.

అదేదో ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని కాదు. మిస్ డోరతీ మమ్మల్ని ఇంకొన్నిసార్లు తీసుకెళ్లింది. ఆకులు రాలే కాలానికి ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి ఫ్లోరిడా వెళ్లిపోయింది. మళ్లీ గరాజ్, మళ్లీ వీధి. కాకపోతే ఈసారి తలుపు పూర్తిగా పైకెత్తి ఉండేది, నాన్న దించమనలేదు. ఆదివారాలు చర్చి ముందు ఖాళీ స్థలంలో అమ్మకు కారు నేర్పాడు. ఇద్దరూ అరుచుకునేవారు, అమ్మ తలుపు తీసుకుని దిగిపోయేది, కాసేపు నడిచి మళ్లీ ఎక్కేది. డ్రైవింగ్ పరీక్ష మొదటిసారి తప్పింది, ఆ తరవాతా తప్పింది. లైసెన్స్ చేతికొచ్చిన రోజున మమ్మల్నెవరినీ ఎక్కించుకోకుండా ఒక్కతే వెళ్లి, చీకటి పడే ముందు వచ్చింది. ఎక్కడికెళ్లావని నాన్న అడగలేదు.

క్యారీలో ఆ పొగాకు తోట ఇప్పుడు లేదు. చెరువును పూడ్చేసి ఇళ్లు కట్టారు. వాటికి కాస్త దూరంలో ఉన్న ఇండియన్ కొట్టులో మంచు మీద తలకాయలతో సహా చేపలు వరసగా పేర్చి అమ్ముతున్నారు. ఆగస్టు గాలిలో ఆకు కాలే వాసన లేదు, కంచెల మీద ఆ తెల్లపూల తీగా లేదు. వీధుల్లో అందరి గరాజ్ తలుపులూ ఒక మీట నొక్కితే తెరుచుకుని, కారు లోపలికి వెళ్లగానే మూసుకుపోతాయి. మిస్ డోరతీ పోయిందని ఎప్పుడో ఒక కార్డు వచ్చింది. నాన్న కూడా పోయి కొన్నేళ్లయింది.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఇవన్నీ రాద్దామని కూర్చున్నప్పుడు వంటింట్లో ఉన్న ఆమెను అడిగాను, ఆ క్యారీ ఇంట్లో గోడల రంగేంటమ్మా, వంటింటి కిటికీ ఎటువైపు ఉండేది అని.

అమ్మ పొయ్యి తగ్గించి ఆలోచించింది. “ఏమోనే, ఆ ఇల్లు నాకొక్క ముక్క గుర్తులేదు” అంది. కాసేపటికి తనే మళ్లీ, “చెరువు గురించి అడుగు, చెప్తా” అంది.