నా పేరు మీద చదివిన పుస్తకాలు

ముందుగా మీరు నన్ను మన్నించాలి. నా రాత బాగుండదు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పిపోతాయో నాకే తెలియదు. అచ్చు వేసేవాళ్ళు దిద్దితే సరే, లేకపోతే మీరే దిద్దుకుని చదవండి.

మా లైబ్రరీ అయ్య పోయారు. పోయిన నెల, ఒక మంగళవారం పొద్దున, వేలూరు ఆసుపత్రిలో. నేను మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే మా వీధి ఆయన ఒకరు వచ్చి చెప్పారు. చేతిలో ఉన్న వంకాయను సంచిలో వేయాలో, తిరిగి కుప్పలో పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను.

గుడియాత్తంలో మా మగ్గాల వీధిలో నేతపనివాళ్ళ సంఘం నడిపే చదువుగది ఒకటి ఉంది. అందులో అన్నీ తమిళ పుస్తకాలు, తమిళ పేపర్లు. ఒక మూల ఉన్న బీరువా మాత్రం తెలుగుది. మా వీధిలో ఇంటింటా తెలుగే మాట్లాడతారు గానీ అక్షరాలు ఎవరికీ రావు. పిల్లలు తమిళ బడికే పోయారు, వాళ్ళ అమ్మానాన్నలూ అంతే. నేను కె.వి.కుప్పం పక్కన పల్లెలో పుట్టాను. అప్పట్లో అక్కడ తెలుగు చెప్పే అయ్యవారు ఒకరుండేవారు. అందువల్ల నాకు చదవడం వచ్చింది. పగలంతా గుంత మగ్గం మీద కైలీలు, అంటే లుంగీలు, నేసి, సాయంత్రం ఆ గదికి పోయేవాణ్ణి. ఆ గదిని, ఆ బీరువానూ చూసుకున్నది అయ్య. బీరువా తాళంచెవి ఆయన మెడలో తెల్లదారానికి ఉండేది.

ఆయన పద్ధతులు ఆయనవి. ప్రతి పుస్తకానికీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేవారు. పురుగు పట్టకుండా లోపల వేపాకు పెట్టేవారు. ఎవరైనా వేలు తడుపుకుని పేజీ తిప్పితే గదిలోంచి లేపి పంపేవారు. పుస్తకం ఇచ్చేటప్పుడు రిజిస్టరు తెరిచి, పేజీ పైభాగం మీద తన అరచెయ్యి ఆనించి, కింద గీత దగ్గర వేలు పెట్టి "ఇక్కడ పెట్టప్పా" అనేవారు. నా సంతకం గీత దాటి వంకర పోతుందని అలా చెయ్యి అడ్డం పెడతారేమో అనుకునేవాణ్ణి. చిన్నపిల్లవాడి చేత అక్షరాలు దిద్దించినట్టు ఉండేది. నాకు అది ఇష్టంగా ఉండేది.

ఒకసారి నేనొక నవల ఇంటికి తెచ్చుకుని సగం చదివాక, అది ముందటేడు చదివిందేనని తెలుసుకున్నాను. తిరిగి ఇస్తూ సిగ్గుపడుతూ చెప్పాను. అయ్య కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. పుస్తకం పేరు, ముగించిన తేదీ, కింద ఒక్క మాట రాయమన్నారు.

"కథంతా రాయొద్దు. అది పుస్తకంలోనే ఉండాది గదా. నీకేం మిగిలిందో అది రాయి."

అప్పటి నుంచి రాస్తున్నాను. ఉగాది నుంచి ఉగాదికి ఒక లెక్క. ఒక పుస్తకం కింద "ఇందులో ముసలామె ఉప్పు అడగడానికి పోయి సాయంత్రం దాకా కూర్చుంటుంది, మా అత్త గుర్తుకొచ్చింది" అని ఉంటుంది. ఇంకొకదాని కింద "అర్థం కాలేదు" అని మాత్రమే ఉంటుంది. ఉగాది ముందు రోజు నోటుపుస్తకం తీసుకుపోతే అయ్య ఒక్కొక్క మాటా చదివి, మొత్తం ఎన్నో వేసి, కింద సంతకం పెట్టేవారు. నాకు బడిలో రాని మార్కులన్నీ ఆ సంతకంలో వచ్చినట్టు ఉండేది. ఒక ఏడు పదకొండు, ఒక ఏడు తొమ్మిది. పంతొమ్మిది దాటింది ఎన్నడూ లేదు.

మా ఇంటావిడ మంచం పట్టిన ఏడు నేను చదివింది రెండే. ఆమె ఉగాదికి రెండు నెలల ముందు పోయింది. రెండు అని చూపించడానికి నామోషీగా ఉండి, ఆమె పక్కన కూర్చుని ఊరికే పేజీలు తిప్పిన మూడింటిని కూడా కలిపి ఐదు రాసుకుపోయాను. అయ్య మూడో పుస్తకం గురించి ఏదో అడిగారు. నేను తల వంచుకున్నాను. ఆయన తన పెన్నుతోనే మూడింటినీ కొట్టేసి, కింద రెండు అని వేశారు.

"చదవంది చదివినట్టు రాస్తే, చదివిన రెండు గూడా అబద్ధమైపోతాయప్పా. రెండంటే రెండే. దానికి సిగ్గెందుకు?"

ఈ మాటను నేను పుస్తకాలకే కాదు, చాలావాటికి వాడుకున్నాను.

ఆసుపత్రిలో చేరాక బస్సెక్కి వేలూరు పోయి చూశాను. ఉగాదికి ఇంకా దూరం ఉన్నా నోటుపుస్తకం వెంట తీసుకుపోయాను. ఎందుకు తీసుకుపోయానో ఇద్దరికీ తెలుసు. ఆయన అప్పటిదాకా ఉన్న నాలుగు పుస్తకాల మాటలూ చదివి సంతకం పెట్టారు. చెయ్యి వణికి అక్షరాలు గీత దాటిపోయాయి. దాన్నే కాసేపు చూసి అన్నారు.

"చూడప్పా, నా రాత నీ రాత మాదిరి అయిపోయింది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా మీద కోపం పెట్టుకోవద్దు అన్నారు. చివరికాలంలో అందరూ అనే మాటే అనుకున్నాను. కోపం ఎందుకయ్యా అని పాదాలు ముట్టుకుని వచ్చేశాను.

పదకొండో రోజు సంఘం వాళ్ళు చదువుగదిలో మీటింగు పెట్టారు. కార్యదర్శి మాట్లాడి, ఉన్నట్టుండి నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. బీరువా తీసేసి అక్కడ ఉద్యోగ పరీక్షల పుస్తకాలు పెడదామని సంఘంలో అనుకున్నప్పుడల్లా అయ్య రిజిస్టరు తెచ్చి నా పేరు చూపించేవారట. ఏడాదికి అరవై, డెబ్బై పుస్తకాలు చదివే మనిషి ఒకడుండగా ఎలా తీస్తారని అడిగేవారట.

"మాకు తెలుగు నోట్లోనే ఉండాది, కంట్లో లేదు. నీవల్లనే ఈ బీరువా నిలిచిందన్నా" అన్నాడు కార్యదర్శి.

వెనక నుంచి నాతో మగ్గం నేసినతను ఒకడు, "అన్ని పుస్తకాలు చదివి కైలీ ఎప్పుడు నేసినావు మామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. శాలువాతోనే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పోయి రిజిస్టర్లు చూస్తానన్నాను. కార్యదర్శి సంతోషంగా బల్ల మీద పెట్టాడు.

ప్రతి పేజీలో నేనే ఉన్నాను. నా సంతకం. గీత దాటి వంకర పోయే నా సంతకం. నేను పెట్టినవి ఏవో, ఆయన పెట్టినవి ఏవో నా కళ్ళకే తెలియలేదు. నోటుపుస్తకాలు పక్కన పెట్టుకుని తేదీలు చూస్తే గానీ తేలలేదు. ఆ అరచెయ్యి పేజీ పైన ఎందుకు ఉండేదో అప్పుడు తెలిసింది.

నా నోటుపుస్తకాల్లో ఇరవై రెండేళ్ళకు రెండు వందల నలభై ఒకటి ఉన్నాయి. రిజిస్టర్లలో నా పేరు వెయ్యి దాకా ఎంచి వదిలేశాను. బీరువాలో ఉన్నవే మూడు వందల చిల్లర. చదివిందే మళ్ళీ తీసుకున్నానని సిగ్గుపడ్డవాణ్ణి, ఒక్కొక్కటీ మూడేసి, నాలుగేసి సార్లు తీసుకున్నట్టు ఉంది.

మా ఇంటావిడ పోయిన తేదీ వెతికాను. వెతకకుండా ఉండాల్సింది. ఆ రోజు నేను రెండు పుస్తకాలు తీసుకున్నాను. ఒకటి పచ్చళ్ళు పెట్టే విధానం. ఆ రోజు అయ్య మా ఇంట్లోనే, నా పక్కనే కూర్చుని ఉన్నారు. మా ఇంటి నుంచి పోయి రాశారో, తర్వాత ఎప్పుడో ఖాళీగా ఉన్న తేదీ చూసి నింపారో తెలియదు. ఏదైనా నాకు ఒకటే. ఆ ఏడే కదా నా ఐదును రెండు చేశారు. అదే పెన్నుతో.

ఎందుకు చేశారో తెలియక కాదు. ఆ బీరువా లేకపోతే నాకు సాయంత్రాలే లేవు. అది నిలబెట్టింది ఆయనే. ఒక్క మాట నన్ను అడిగి ఉంటే, "అయ్యా, రాసుకోండి" అని ఉండేవాణ్ణేమో. అడగలేదు. నాకు నిజం నేర్పిన మనిషి, నన్నే అబద్ధం చేసి పెట్టారు. ఆయన నేర్పిందే లేకపోతే నాకు ఇంత నొప్పి కూడా ఉండేది కాదు. క్షమించానని రాయమంటే రాయలేను. చదవంది చదివినట్టు రాసినట్టే అవుతుంది అది. సాయంత్రం అయ్యేసరికి మాత్రం కాళ్ళు ఆ గదికే పోతున్నాయి. తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంది, అదే తెల్లదారంతో.

ఉగాది ముందు రోజు సంఘం కూడుతుంది. బీరువా సంగతి మళ్ళీ వస్తుందని కార్యదర్శి చెప్పాడు, నువ్వుండగా భయం లేదన్నా అని కూడా చెప్పాడు. ఆ రోజు నేను లేచి నిలబడి, ఇవి నావి, ఇవి నావి కావు అని చెప్పబోతున్నాను. సంఘంలో ఎవరూ తెలుగు చదవలేరు కాబట్టి ఈ ముక్క చూసి వాళ్ళకు ముందే తెలిసే ప్రమాదం లేదు. నా నోటితోనే తెలియాలి. చెప్పాక బీరువా ఉంటుందో పోతుందో తెలియదు.

అందుకే మీకు రాస్తున్నాను. మీరు తెలుగు చదవగలిగినవాళ్ళు. వేలూరు, గుడియాత్తం, అణైకట్ పక్కన ఉన్నవాళ్ళు ఒక ఆదివారం వచ్చి ఒక్క పుస్తకమైనా మీ పేరు మీద, మీ చేత్తో సంతకం పెట్టి తీసుకోండి. పేజీ మీద నేను చెయ్యి అడ్డం పెట్టను. రాలేనివాళ్ళు ఈ ఏడు చదివిన పుస్తకం పేరు, మీకు మిగిలిన ఒక్క మాట, కార్డు మీద రాసి ఈ పత్రిక వాళ్ళకు పంపితే నాకు అందజేస్తారు. చదివి ఉంటేనే రాయండి. ఒకటంటే ఒకటే.

నా లెక్క ఈ ఏడు ఆరయింది. నాలుగో పుస్తకం కింద, గీత దాటిన ఆ వణుకు సంతకం ఉంది. ఆరో పుస్తకం కింద ఖాళీ. ఉగాది దగ్గరకొచ్చేస్తోంది. జవాబు తొందరగా రాయండి.